కొండ లోయలో చిన్న ఊరికి మురుగునీటి శుద్ధి: ఊట నుంచి గెడ్డ దాకా మొత్తం పద్ధతి

మాది అరకు లోయ దగ్గర 40 గడపల ఊరు. ఇంటింటికీ కుళాయి రాకముందు మా ఇళ్లల్లో మురుగు అన్న మాటే వినిపించేది కాదు, ఎందుకంటే ఊట దగ్గర్నుంచి నెత్తిన మోసుకొచ్చిన నీళ్లను ఎవరూ ఊరికే పారబోయరు, గిన్నెలు కడిగిన నీళ్లు కూడా గుమ్మడి పాదులోకే పోయేవి. కుళాయి వచ్చిన ఏడాదికే వీధి మధ్యలో నల్లటి బురద కాలువ కట్టింది. దోమలు, పందులు, పిల్లల కాళ్లకు పుండ్లు. పోనీ ఆ నీళ్లు అక్కడే ఆగాయా అంటే, కొండ మీద నీళ్లు ఆగవు కదా. ఒకరోజు కింద ఊరి పెద్దమ్మ ఒకావిడ ఎక్కి వచ్చి, "బాబూ, మీరు పైన బట్టలుతికిన రోజు మా ఊటలో నురగ తేలుతోంది, మేం తాగేది ఆ నీళ్లే" అని చెప్పింది. గొడవ పెట్టుకోలేదు, ఒక్క మాట తిట్టలేదు, చెప్పి దిగిపోయింది.

ఆ తర్వాత రెండేళ్లు పట్టింది మాకు ఈ పని పూర్తి చేయడానికి. మధ్యలో పెద్ద తప్పులే చేశాం. మళ్లీ మొదలుపెడితే ఏ వరసలో చేస్తానో ఆ వరసలోనే ఇక్కడ రాస్తున్నాను, కొలతలు కూడా మా ఊరి లెక్కతోనే ఇస్తున్నాను కాబట్టి మీ జనాభాకు తగ్గట్టు హెచ్చించుకోండి, తగ్గించుకోండి.

ముందే ఒక సంగతి. పట్నాల్లో అపార్ట్‌మెంట్ల కింద కట్టే మోటార్ల ప్లాంటు కొండ ఊరికి వద్దు. దాంట్లో మురుగును తినే సూక్ష్మజీవులకు బ్లోయర్‌తో ఎప్పుడూ గాలి కొట్టాలి, ఒకటి రెండు రోజులు కరెంటు లేకపోతే అవి చచ్చిపోయి ప్లాంటు కంపు కొడుతుంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మన వైపు ఎన్ని రోజులు చీకట్లో ఉన్నామో అందరికీ గుర్తుండే ఉంటుంది. మనకు వాలు ఉంది. నీళ్లను నడిపించడానికి ఆ వాలు చాలు.

పద్ధతి మొత్తం ఒక్క ముక్కలో చెప్పాలంటే, లెట్రిన్ నీళ్లనూ వాడకం నీళ్లనూ ఎక్కడా కలవనివ్వకూడదు. లెట్రిన్ నీళ్లు ఏ ఇంటివి ఆ ఇంటి రెండు గుంతల్లోనే తేలిపోవాలి. వంట, స్నానం, బట్టల నీళ్లు మాత్రమే పైపులో ఊరి కిందికి దిగి, తేట తొట్టిలో మడ్డి దించుకుని, మొక్కలు నాటిన కంకర పడకలోంచి వడకట్టుకుని బయటికి రావాలి. ఈ రెండూ కలిపేస్తే ఖర్చూ పెరుగుతుంది, రోగమూ పెరుగుతుంది.

1. తవ్వే ముందు ఊటలు చూడండి

ఇంజినీరును పిలిచే ముందే ఊళ్లో పెద్దవాళ్లను ఇద్దరు ముగ్గుర్ని వెంటబెట్టుకుని కొండంతా ఒకసారి నడవండి. నడివేసవిలో ఒకసారి, ఆషాఢ శ్రావణాల్లో వాన పట్టినప్పుడు ఇంకోసారి. వేసవిలో రెండే కనిపించే ఊటలు వానల్లో ఏడెనిమిది అవుతాయి, మీరు గుంత తీద్దామనుకున్న చోటే ఒకటి పుట్టుకురావచ్చు. ఎక్కడెక్కడ ఊట, ఏ గెడ్డ (కొండ వాగు) ఎటు పోతోంది, ఏ ఇల్లు ఏ ఊటకు పైన ఉంది అన్నది ఒక చార్టు మీద గీసుకోండి. మీ ఊటలు మాత్రమే కాదు, కింద ఊళ్లవి కూడా.

కొండ నేలలో ఇది ఎందుకింత ముఖ్యమో చెప్పడానికి బొర్రా గుహలకంటే మంచి ఉదాహరణ లేదు. అనంతగిరి కొండల్లో పుట్టిన గోస్తనీ ఆ సున్నపురాయి గుహల్లోంచి పారి తాటిపూడి జలాశయానికి చేరుతుంది, అక్కడి నీళ్లు విశాఖపట్నం తాగుతుంది. సున్నపురాయిలో, పగుళ్లున్న రాతిలో నీళ్లు ఇసుకలో ఇంకినట్టు మెల్లగా వడకట్టుకుంటూ పోవు, గొట్టంలో పోయినట్టు పోతాయి. మామూలు మట్టిలో లెట్రిన్ గుంతకూ తాగునీటి బావికీ 10 మీటర్ల దూరం ఉండాలంటారు. పగుళ్ల రాతిలో ఆ 10 మీటర్లను నమ్ముకోవద్దు. ఊటకు నేరుగా పై వాలులో అసలు గుంతే తీయకండి, పక్క వాలుకు జరపండి.

2. నీళ్లెన్నో లెక్క వేయండి

జల్ జీవన్ మిషన్ లెక్క మనిషికి రోజుకు 55 లీటర్లు. మా ఊళ్లో 180 మంది, అంటే 9,900 లీటర్లు. తాగేది, లెట్రిన్‌కు పోయేది, పెరట్లో ఇంకేది తీసేస్తే దాదాపు 70 శాతం వాడకం నీరుగా బయటికొస్తుంది, అంటే సుమారు 7,000 లీటర్లు. మనం కట్టే ప్రతిదానికీ ఈ 7,000 లీటర్లే ఆధారం. కాగితం లెక్కతో సరిపెట్టుకోకుండా ఒక అయిదిళ్లలో రెండు రోజులు బకెట్లు లెక్కపెట్టండి, ఒకరోజు సంత ముందు రోజైతే మంచిది, ఎందుకంటే ఆ సాయంత్రం బట్టలు ఎక్కువ ఉతుకుతారు. నీళ్లలో సగం పొద్దున్నే రెండు మూడు గంటల్లో వచ్చిపడతాయన్నది కూడా గుర్తుపెట్టుకోండి.

3. మట్టి పరీక్ష

ఇది ఎవరైనా చేయొచ్చు. గుంతలు తీయదలచిన చోట, కావలసిన లోతు దాకా తవ్వి, అడుగున జానెడు వెడల్పు, 30 సెంటీమీటర్ల లోతున చిన్న గొయ్యి చేసి రాత్రంతా నీళ్లు నింపి నాననివ్వండి. తెల్లారి 15 సెంటీమీటర్ల ఎత్తు నీళ్లు పోసి, పుల్ల గుచ్చి గీత పెట్టి, ఫోన్‌లో టైము చూడండి. అరగంటకు ఒక్క సెంటీమీటరు కూడా దిగకపోతే అది బంకమట్టి, అక్కడ ఇంకుడు గుంత పనికిరాదు. నాలుగైదు నిమిషాల్లో మొత్తం మాయమైపోతే అది ఇంకా ప్రమాదం, కింద రాతి పగులుంది, శుద్ధి కాకుండానే ఊటకు పోతుంది. ఈ రెంటికీ మధ్యలో ఉంటేనే ఆ చోటు మంచిది.

ఇంకొకటి, నిటారు వాలు మీద ఇంకుడు గుంత తీయకండి. మా పై వీధిలో ఒకాయన పథకం డబ్బులొచ్చాయని ఇంటి వెనక మీటరు గుంత తీయించుకున్నాడు, పేపర్ మీద అంతా బాగానే ఉంది. ఆరు నెలలకు కింద ఇంటి వంటగది గోడ అడుగున తడి కనిపించింది. గోడకు సున్నం పొక్కులు లేచి, వేలు పెట్టి గీకితే మట్టి ముద్దగా ఊడొచ్చేది, దగ్గరికెళ్తే సబ్బు వాసన. పైన ఇంకిన నీళ్లు మూడు మీటర్ల కింద ఆ గోడలోంచి బయటికొస్తున్నాయి. వానాకాలంలో అలా నానిన వాలు జారిపోవడానికి ఎంతోసేపు పట్టదు.

4. లెట్రిన్‌కు రెండు గుంతలు

మన వైపు చాలా ఇళ్లల్లో సెప్టిక్ ట్యాంకు అని చెప్పేది నిజానికి ఒకే ఒక్క గుంత. అది నిండితే ఖాళీ చేసే ట్యాంకర్ కొండెక్కి రాదు, వచ్చినా సందులో దూరదు. అందుకే కొండ ఊళ్లకు రెండు గుంతల పద్ధతి తప్ప దారి లేదని నా గట్టి అభిప్రాయం.

అయిదుగురున్న ఇంటికి ఒక్కో గుంత మీటరు వెడల్పు, మీటరు నుంచి మీటరుంపావు లోతు. సిమెంటు వరలు దింపితే వాటికి పక్కల కన్నాలుండాలి, ఇటుకతో కడితే జాలీ కట్టు కట్టాలి. అడుగున సిమెంటు వేయకూడదు, మట్టే ఉండాలి. రెండు గుంతల మధ్య కనీసం మీటరు ఎడం. వానాకాలంలో నీటి మట్టం ఎంత పైకి వస్తుందో దానికి గుంత అడుగు 2 మీటర్లు పైన ఉండాలి. అంత ఎడం దొరక్కపోతే గుంతను నేలకన్నా ఎత్తులో కట్టి, అడుగు మూసి, చుట్టూ అర మీటరు మందాన ఇసుక పోయండి.

బేసిన్ నుంచి వచ్చే పైపు ముందు ఒక చిన్న ఛాంబర్‌లో పడాలి, అక్కడ్నుంచి రెండు గుంతలకూ రెండు దారులు. ఒక దారిని ఇటుక ముక్కతో, మట్టితో మూసేయండి. మొదటి గుంత మూడేళ్లకు నిండుతుంది. అప్పుడు దాన్ని మూసి రెండోదాన్ని తెరవాలి. మూసిన గుంతను ఏడాదిన్నర, మన చలికి రెండేళ్లనుకోండి, కదపకూడదు. ఆ తర్వాత తెరిస్తే నల్లటి పొడి మట్టి ఉంటుంది, వాసన ఉండదు. మా ఊళ్లో మొదటి గుంత తెరిచిన రోజు ఎవరూ దగ్గరికి రాలేదు. నేనే పారతో తీసి చేత్తో పట్టుకుని చూపించాను, చిటికెడు నలిపితే కాఫీ పొడిలా రాలింది. ఆ తర్వాతే జనానికి నమ్మకం కుదిరింది. దాన్ని కాఫీ మొక్కల మొదట్లో, మిరియాల పాదుల్లో వేసుకోవచ్చు.

రెండు గుంతలూ ఒకేసారి వాడితే ఈ పద్ధతికి అర్థమే ఉండదు. మేస్త్రీలు తెలియక రెండు దారులూ తెరిచి వదిలేస్తారు, ఛాంబర్ మూత తీసి మీ కళ్లతో చూసుకోండి. స్నానం నీళ్లు, ఫినాయిలు, యాసిడ్ ఇందులోకి పోనివ్వకండి. ఇప్పటికే ఒక్క గుంతే ఉన్నవాళ్లు కొత్తగా ఛాంబర్, రెండో గుంత కట్టుకుంటే సరిపోతుంది.

ఇంకో మాట, ఇది మాత్రం ప్రాణాలకు సంబంధించింది. పాత గుంతలోకి, సెప్టిక్ ట్యాంకులోకి ఏ కారణంతోనూ మనిషిని దింపకండి. లోపల హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటుంది, ఒకటి రెండు శ్వాసల్లో మనిషి పడిపోతాడు, కాపాడబోయినవాడూ పడిపోతాడు. చేతులతో మలం ఎత్తించే పనిని నిషేధించిన 2013 చట్టం ప్రకారం అలా దించడం నేరం కూడా.

5. ఇంటి దగ్గర జల్లెడ తొట్టి

వాడకం నీళ్లు పైపులోకి దిగే ముందు ప్రతి ఇంట్లో చిన్న తొట్టి ఉండాలి. అర మీటరు పొడవు, అర మీటరు వెడల్పు, అర మీటరు లోతు చాలు. లోపల ఒక మెష్, బయటికి పోయే దారికి కిందికి వంచిన ఎల్బో, అంటే నీళ్లు పైనుంచి కాకుండా మధ్యలోంచి పోవాలి, నూనె పైనే తేలి ఆగిపోవాలి.

రెడీమేడ్ డ్రాయింగుల్లో ఒక విషయం ఉండదు. మన ఊళ్లల్లో గిన్నెలు ఇంకా బూడిదతో, మట్టితో తోముతారు. అందుకే తొట్టి అడుగున నూనెకన్నా ముందు బూడిద, ఇసుక పేరుకుంటాయి. వారానికి ఒకసారి గరిటెతోనో కొబ్బరి చిప్పతోనో తోడేయాలి. మా అమ్మ శనివారం గడప కడిగేటప్పుడు ఇది కూడా తోడేస్తుంది, రెండు నిమిషాల పని. తోడకపోతే ఆ బూడిదే పైపులో సిమెంటులా గట్టిపడుతుంది.

ఊరికి దూరంగా విడిగా ఉన్న ఇళ్లకు పైపు వేయనక్కర్లేదు. తొట్టి నుంచి నీళ్లను నేరుగా అరటి పాదుల్లోకి వదిలేయండి. నాలుగైదు అరటి చెట్లున్న పాదు చుట్టూ కాలువ తీసి ఎండుటాకులు వేస్తే అయిదారుగురున్న ఇంటి నీళ్లు హాయిగా తాగేస్తాయి.

6. పైపు లైను

110 మిల్లీమీటర్ల పీవీసీ పైపు చాలు. మీటరుకు ఒక సెంటీమీటరు వాలు ఉండాలి. వాలు చూడటానికి మేస్త్రీల దగ్గరుండే ట్యూబ్ లెవెలే సరిపోతుంది, 15 మీటర్ల పారదర్శక గొట్టంలో నీళ్లు నింపి, గాలి బుడగలు లేకుండా చూసి, రెండు చివర్లా కర్రలకు కట్టి మట్టం చూసుకుంటూ పోవడమే. మెట్లలా దిగే చోట పైపును కూడా నిటారుగా దించకండి, జాయింట్లు ఊడిపోతాయి. మెట్టుకొక ఛాంబర్ కట్టి, అందులో నీళ్లు దూకి మళ్లీ మామూలు వాలులో పోయేట్టు చేయండి. ప్రతి మలుపులో, తిన్నగా పోయే చోట 30 మీటర్లకొకటి ఛాంబర్. పైపు మీద కనీసం అర మీటరు మట్టి ఉండాలి, రాయి అడ్డొచ్చి లోతు దొరక్కపోతే చుట్టూ కాంక్రీటు వేయండి.

వాన నీళ్లు ఒక్క చుక్క కూడా ఈ పైపులోకి రాకూడదు. ఇంటి చూరు నీళ్లు, వాకిట్లో నీళ్లు, వీధి నీళ్లు వేరే సైడు కాలువలో గెడ్డకు పోవాలి. ఇది చెప్పడం తేలికే కానీ, జనం వాకిలి కడిగి ఆ నీళ్లను తొట్టిలోకే ఊడ్చేస్తారు, వానొస్తే అదే దారిలో వాకిలి మొత్తం వచ్చి పైపులో పడుతుంది. ఒక్క గట్టి వానకు కింద ఉన్న 7,000 లీటర్ల తేట తొట్టి కడిగేసినట్టయి, మడ్డి అంతా లేచి కంకర పడక మీద పడుతుంది. అందుకని ఇంటి జల్లెడ తొట్టి అంచు వాకిలి కన్నా జానెడు ఎత్తులో కట్టండి. చెప్పి మాన్పించలేని పనిని ఆ ఎత్తు మాన్పిస్తుంది.

7. తేట తొట్టి

ఒకరోజు నీళ్లు పట్టేంత తొట్టి. మాకు 4 మీటర్ల పొడవు, ఒకటిన్నర వెడల్పు, 1.2 మీటర్ల నీటి లోతు, అంటే 7,200 లీటర్లు. పైన ఇంకో 30 సెంటీమీటర్లు ఖాళీ. పొడవులో మూడింట రెండు వంతుల దగ్గర అడ్డగోడ, ఆ గోడకు నీటి లోతులో సగం దగ్గర కన్నాలు. లోపలికొచ్చే చోట, బయటికి పోయే చోట ‘T’ ఆకారం పైపులు పెట్టి, వాటి కింది కొన నీళ్లలో 30 సెంటీమీటర్లు మునిగి ఉండేట్టు చూడండి. పైన తెట్టు, అడుగున మడ్డి ఉండిపోయి మధ్యలోని తేట మాత్రమే ముందుకు పోతుంది.

లోపలా బయటా ప్లాస్టరింగ్ అయ్యాక నీళ్లు నింపి ఒక రోజు వదిలేసి మట్టం దిగిందేమో చూడండి. దిగితే బిల్లు కట్టకండి. పైన పిల్లలు ఎత్తలేనంత బరువు పలకలు, గాలి గొట్టం, గొట్టానికి దోమల మెష్.

8. కంకర పడక

అసలు శుద్ధి ఇక్కడే. అందుకే కాస్త వివరంగా రాస్తాను.

కంకర రాళ్ల మధ్య ఖాళీ మొత్తంలో దాదాపు 40 శాతం ఉంటుంది. 60 సెంటీమీటర్ల నీటి లోతుతో మూడు రోజులు నీళ్లు లోపల నిలవాలంటే మా 7,000 లీటర్లకు దాదాపు 90 చదరపు మీటర్లు కావాలి. మైదానంలో అది సరిపోతుంది. కానీ అరకులో శీతాకాలం రాత్రులు పది డిగ్రీల లోపుకు దిగుతాయి, లంబసింగి వైపు అయితే సున్నా దాకా వెళ్తాయి, చలికి సూక్ష్మజీవుల పని మందగిస్తుంది. అందుకని మేం 120 చదరపు మీటర్లు, నాలుగు రోజుల నిల్వ తీసుకున్నాం. దాన్ని 6 మీటర్ల వెడల్పు, 10 మీటర్ల పొడవున్న రెండు పడకలుగా చేశాం. ఒకటి బాగుచేసేటప్పుడు రెండోది నడవాలి, అందుకే రెండు.

చోటు ఊరి కన్నా కింద, గెడ్డ వరద మట్టం కన్నా పైన ఉండాలి. వాలు నేల అయితే వరి మడి చెక్కినట్టు మెట్టుగా చెక్కుకోండి, ఈ పని మన వాళ్లకు ఎవరూ నేర్పనక్కర్లేదు. పడకకు పై వైపు వాన నీళ్లు మళ్లించే కాలువ ముందు తవ్వి, తర్వాతే పడక తవ్వండి.

అడుగు మీటరుకు సెంటీమీటరు చొప్పున కింది వైపుకు వాలుగా సాపు చేసి, వేర్లు, మొనదేలిన రాళ్లు ఏరేసి, కాస్త ఇసుక పరిచి, దాని మీద చేపల చెరువులకు వాడే మందపాటి సిల్పాలిన్ షీటు. బంకమట్టి దొరికే చోట జానెడు మందాన తొక్కించినా సరే. పడకలోకి నీళ్లు వచ్చే చివర, పోయే చివర అర మీటరు వెడల్పున గుప్పెడంత రాళ్లు. మధ్యలో అంతా 10 నుంచి 20 మిల్లీమీటర్ల కంకర, 65 సెంటీమీటర్ల మందం. రెండు పడకలకూ కలిపి 78 ఘనపు మీటర్లు, ట్రాక్టరుకు వంద ఘనపుటడుగులు లెక్క వేస్తే 28 ట్రాక్టర్లు.

కంకర కడిగి వేయాలి. మా పెద్ద తప్పు ఇదే. కాంట్రాక్టరు క్రషర్ నుంచి డస్ట్‌తో సహా తెచ్చి పోస్తుంటే మేం చూస్తూ ఊరుకున్నాం. మొదటి వానాకాలం దాటక ముందే ఆ డస్ట్ అడుగుకు దిగి రాయి రాయికీ మధ్య పూడ్చేసింది, నీళ్లు కంకర లోపల పోకుండా పైన నిలబడ్డాయి, కొత్త దోమల గుంట తయారైంది. ఊరంతా కలిసి 11 రోజులు ఆ కంకర మొత్తం ఎత్తి, ఇనప జల్లెడ మీద పోసి కడిగి మళ్లీ వేశాం. మీరు ఆ కష్టం పడకండి. ట్రాక్టరు దించకముందే గుప్పెడు కంకర గాజు గ్లాసులో వేసి నీళ్లు పోసి ఊపండి. నీళ్లు పాలలా మారితే ట్రాక్టరు వెనక్కి పంపండి.

నీళ్లు వచ్చే వైపు పడక వెడల్పంతా కన్నాల పైపు వేసి నీళ్లను సమానంగా పరచాలి. పోయే వైపు అడుగున ఇంకో కన్నాల పైపు, అది బయట ఛాంబర్‌లోకి వచ్చి అక్కడ పైకి లేచే ఎల్బోతో ముగియాలి. ఆ ఎల్బోను జిగురు పెట్టి అతికించొద్దు. దాన్ని తిప్పి ఎత్తు మార్చితే పడకలో నీటి మట్టం మారుతుంది. మామూలుగా కంకర పై మట్టానికి 5 సెంటీమీటర్లు కింద నీళ్లుండాలి, అంటే పైన నడిస్తే చెప్పు తడవకూడదు. నీళ్లు కనపడకపోతే దోమ గుడ్లు పెట్టదు.

మొక్కలంటే మెట్టతామర, జమ్ము. రెండూ మన గెడ్డల ఒడ్డునే దొరుకుతాయి, కొనొద్దు. దుంపతో సహా తెచ్చి అర మీటరుకొకటి నాటండి. తొలకరి పడ్డాక నాటితే బాగా పట్టుకుంటాయి. మొదటి నెల నీటి మట్టం కంకర పైదాకా ఉంచి, వేర్లు దిగేకొద్దీ ఎల్బో తిప్పి తగ్గించండి. రెండు మూడు నెలలకు గానీ పడక పూర్తిగా పనిలోకి రాదు, అంతవరకు వచ్చే నీళ్లు కాస్త మసగ్గానే ఉంటాయి, కంగారు పడొద్దు. గుర్రపుడెక్క మాత్రం తేవద్దు, గెడ్డలోకి జారితే కింద చెరువులన్నీ కప్పేస్తుంది.

9. బయటికొచ్చిన నీళ్లు

సరిగా నడిచే పడక నుంచి వచ్చే నీళ్లు తేటగా, కొంచెం మట్టి వాసనతో ఉంటాయి. నదిలోకో గెడ్డలోకో వదలాలంటే బీఓడీ (నీళ్లలోని మలినాన్ని తినడానికి సూక్ష్మజీవులకు కావలసిన ఆక్సిజన్ కొలత) లీటరుకు 30 మిల్లీగ్రాముల లోపు ఉండాలని కేంద్ర నిబంధన, పొలానికి పెట్టాలంటే 100 దాకా ఒప్పుకుంటారు. గెడ్డలో వదలడం కన్నా పొలానికి పెట్టడమే నాకు సబబుగా తోస్తుంది, అందులో మొక్కకు పనికొచ్చే నత్రజని, భాస్వరం ఇంకా ఉంటాయి. అరటి, పశువుల గడ్డి, సిల్వర్ ఓక్ నారు, వేటికైనా పెట్టండి. పచ్చిగా తినే కొత్తిమీర, టమాటా, క్యారెట్‌లకు వద్దు, సూక్ష్మక్రిములు తగ్గుతాయే తప్ప పూర్తిగా పోవు.

10. కాఫీ కడుగు నీళ్లు, టూరిస్టు గదులు

ఈ రెంటి గురించి ముందే ఊళ్లో మాట్లాడుకోండి. నవంబరు నుంచి జనవరి దాకా కాఫీ పండ్లు వలిచి కడిగే కాలం. ఆ నీళ్లు పులిసి చింతపండు రసంలా పుల్లగా ఉంటాయి, వాటి కాలుష్యం ఇంటి మురుగు కన్నా ఎన్నో రెట్లు, బీఓడీ వేలల్లో ఉంటుంది. అవి నాలుగు రోజులు పడకలోకి వెళ్తే మొక్కలు మాడి సూక్ష్మజీవులు చస్తాయి. పల్పర్ (కాఫీ పండ్లు వలిచే యంత్రం) దగ్గరే వేరే గుంత తీసి, పై తొక్కను ముందే వడగట్టి కంపోస్టుకు తీసి, నీళ్లలో సున్నం కలిపి పులుపు విరిచి, కొన్ని రోజులు నిలవబెట్టి, ఆ తర్వాత తోటలోనే పలచగా వదలాలి. ఊట దగ్గర కాఫీ కడిగే అలవాటు మాన్పించడం కష్టమే. మేం కడుగుడు రోజులకు పల్పర్ దగ్గరికి విడిగా ఒక కుళాయి వేశాక గానీ మానలేదు.

పైన హోంస్టేలు, రిసార్టులు ఉంటే వాటిని ఊరి పైపులో కలపొద్దు. డిసెంబరు ఆదివారాల్లో ఇరవై గదుల నీళ్లు ఒక్క పూటలో వచ్చిపడితే 180 మంది లెక్కతో కట్టింది తట్టుకోదు. వాళ్ల శుద్ధి వాళ్లే కట్టుకోవాలని గ్రామసభలో తీర్మానం రాయించండి. షెడ్యూల్డ్ ప్రాంతంలో 1996 పీసా చట్టం (గిరిజన ప్రాంతాల పంచాయతీల చట్టం) గ్రామసభ మాటకు గట్టి బలమే ఇచ్చింది, దాన్ని వాడుకోండి.

11. డబ్బు

స్వచ్ఛ భారత్ గ్రామీణ్ రెండో దశలో 5,000 జనాభా లోపు ఊళ్లకు వాడకం నీటి పనులకు తలకు 280 రూపాయల దాకా ఇచ్చేలా పెట్టారు. మా 180 మందికి అది 50,400. కంకరకే చాలదు. అందుకని తవ్వకం, మట్టి పని ఉపాధి పనుల్లో పెట్టించి, మిగతాది పంచాయతీకి వచ్చే ఆర్థిక సంఘం నిధుల్లో పారిశుధ్యానికి కేటాయించిన వాటా నుంచి అడగాలి. లెట్రిన్‌కు ఇంటికి 12,000 విడిగా ఉంటుంది. సచివాలయం ఇంజినీరింగ్ అసిస్టెంట్‌తో ఎస్టిమేట్ వేయించేటప్పుడు "కడిగిన కంకర" అని రాయించండి, ఆ మాట కాగితం మీద లేకపోతే తర్వాత ఎవర్నీ అడగలేరు. పథకాల మొత్తాలు, పేర్లు మారుతుంటాయి కాబట్టి ఈ ఏడాది ఎంతుందో మండలంలో అడిగి మొదలుపెట్టండి.

12. కట్టాక ఎవరు చూస్తారు

నెలకు ఇంటికి 50 రూపాయలు, 40 ఇళ్లకు 2,000. ఆ డబ్బుతో ఊళ్లో ఒకరికి బాధ్యత ఇచ్చాం, చేతికి రబ్బరు గ్లవుజులు, బూట్లు కొనిచ్చాం. వారానికోసారి ఛాంబర్ల జల్లెడలు, పదిహేను రోజులకోసారి కన్నాల పైపు, ఎల్బో. ఆర్నెల్లకోసారి తేట తొట్టి పలక ఎత్తి కర్ర దించి చూస్తారు, కర్రకు అంటిన మడ్డి లోతులో మూడో వంతు దాటితే బయట నుంచే బకెట్‌తోనో చేతి పంపుతోనో తోడి, అంచు కట్టిన ఇసుక మడిలో ఎండబెట్టి, ఆ తర్వాత కంపోస్టులో కలుపుతారు. మెట్టతామరను ఏడాదికి రెండుసార్లు కోసేయాలి, ఎండి పడకలోనే కుళ్లితే కంకర పూడుతుంది.

పడకలో నీళ్లు వచ్చే వైపు కంకర మీద నీళ్లు నిలుస్తున్నాయంటే పూడిక మొదలైనట్టే. నీళ్లను రెండో పడకకు మళ్లించి, మొదటిదాన్ని రెండు మూడు వారాలు ఎండబెట్టండి, చాలాసార్లు దాంతోనే తెరుచుకుంటుంది. అలా కుదరకపోతే ఆ చివర మీటరు మేర కంకర తీసి కడిగి వేయాలి. కుళ్లిన గుడ్డు వాసన వస్తే తేట తొట్టిలో మడ్డి ఎక్కువైందని అర్థం, మొక్కల మీద అనుమానపడి వాటిని పీకేయకండి.

13. కింది ఊటలో పరీక్ష

పడక చివర నీళ్లు సీసాలో పట్టి, వెనక అచ్చు కాగితం పెట్టి అక్షరాలు చదవగలరేమో నెలకోసారి చూడండి. ఏడాదికి రెండుసార్లు జిల్లా నీటి ప్రయోగశాలకు పంపండి. అన్నిటికన్నా ముఖ్యంగా కింది ఊళ్లో తాగే ఊట నీళ్లు పరీక్షించండి, అదీ తొలి వానలు పడ్డ వారంలోపు, ఎందుకంటే గుంతల్లో ఉన్నది ఏదైనా కిందికి దిగేది అప్పుడే. పంచాయతీల దగ్గర నీటి పరీక్షకు హైడ్రోజన్ సల్ఫైడ్ పరీక్ష సీసాలు ఉంటాయి, గీత దాకా నీళ్లు నింపి మూత పెట్టి ఒకటి రెండు రోజులు ఇంట్లో వెచ్చటి చోట ఉంచితే, మల కాలుష్యం ఉన్న నీళ్లు నల్లబడతాయి. మన చలికి సీసాను గుడ్డలో చుట్టి పొయ్యి దగ్గర గూట్లో పెట్టాలి, వేడి తగిలేట్టు కాదు, వెచ్చగా ఉండేట్టు.

మొదటి ఏడాది పెద్దమ్మ వాళ్ల ఊట నీళ్లు పట్టిన సీసా రెండో రోజుకు నల్లబడింది. నురగ పోయింది కానీ క్రిములు పోలేదు. చార్టు తీసి ఆ ఊటకు పైనున్న గుంతలన్నీ ఒక్కొక్కటే చూసుకుంటూ వస్తే, మూడో ఇంట్లో మేస్త్రీ రెండు దారులూ తెరిచే వదిలేశాడు, అందులో ఒక గుంత అడుగున పగులు రాయి. ఆ గుంత పూడ్చి పక్క వాలులో కొత్తది తీశాం. మరుసటి ఏడాది తొలి వానకు మళ్లీ సీసా పట్టుకెళ్లాం. మూడు రోజులు పెద్దమ్మ వంటింటి గూట్లోనే పెట్టాం, ఆవిడే పొద్దునా సాయంత్రం తీసి చూసింది. రంగు మారలేదు.